సమస్యాపూరణం: "ఓడినట్టివాడె యున్నతుండు" (ఈసారి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద)

సమస్యమాస్టారు:
అందరికీ నమస్కారం. పోయిన వారం వంటింటి మీద ఇచ్చాను, మరీ తేలికగా ఉందని తిట్టారు, అందుకని ఈ వారం నోటర్ డేమ్ యూనివర్సిటీ ఉన్న సౌత్ బెండ్ తీసుకెళ్తున్నా. ఇండియానాలో ఉండే మన సభ్యులు కొందరు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, పద్యమంటే ఎప్పుడూ కురుక్షేత్రమేనా, మా శనివారం కురుక్షేత్రాన్ని కూడా కాస్త పట్టించుకోండి అని. సరే పట్టించుకుందాం.

సమస్య ఆటవెలది నాలుగో పాదం:

ఓడినట్టివాడె యున్నతుండు

నియమం ఒక్కటే. నోటర్ డేమ్ జట్టులో పెద్ద అవార్డులు కొట్టిన ఆటగాళ్లలో ఎవరో ఒకరు పద్యంలో కనపడాలి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దది హైస్మాన్ ట్రోఫీ, 1935లో న్యూయార్క్‌లో ఒక అథ్లెటిక్ క్లబ్ మొదలెట్టింది, గెలిచినవాణ్ణి ఓట్లతో ఎన్నుకుంటారు, ఒక్కో ఓటరు 3 పేర్లు వరసగా రాస్తే మొదటి పేరుకి 3, తర్వాత 2, 1 పాయింట్లు. నోటర్ డేమ్ వాళ్లు ఏడుగురు కొట్టారు: బెర్టెల్లి 1943, లూజాక్ 1947, లియాన్ హార్ట్ 1949, లాట్నర్ 1953, హార్నంగ్ 1956, హ్యూఆర్ట్ 1964, టిమ్ బ్రౌన్ 1987. హైస్మాన్ కాకుండా వేరే అవార్డులు కొట్టినవాళ్లయినా ఫర్వాలేదు. కానివ్వండి.

గోదారిగట్టు:
మాస్టారూ మొదటి బోణీ నాదే. ఇంత తిన్నని సమస్యకి హార్నంగ్ తప్ప వేరే దారి ఎవరికైనా తోస్తుందా అసలు?

ఎనిమిదాట లోడి యేడాది ముగిసినన్
పరుగు, పాసు, కిక్కు పట్టె నొకడె;
పసిడిపిల్లవాని పట్టాభిషేకాన
ఓడినట్టివాడె యున్నతుండు

1956లో జట్టు 10 ఆడి 2 గెలిచింది. అయినా హైస్మాన్ పాల్ హార్నంగ్‌కే వచ్చింది. ఓడిన సీజన్ నుంచి ఆ ట్రోఫీ తీసుకెళ్లినవాడు చరిత్రలో అతనొక్కడే. గోల్డెన్ బాయ్ అనేవారు కాబట్టి పసిడిపిల్లవాడన్నా.

ఇండీ40:
బాగుంది బాబాయ్, మూడో పాదం గుండ్రంగా పడింది. రెండో పాదం దగ్గర మాత్రం ఆగాను, "పాసు పట్టె" అంటే ఎవరో విసిరితే ఇతను క్యాచ్ పట్టినట్టు వినపడుతోంది, హార్నంగ్ క్వార్టర్‌బ్యాక్ కదా, విసిరేవాడు.

గోదారిగట్టు:
పట్టె అంటే బాధ్యత పట్టాడని నా ఉద్దేశం.

సమస్యమాస్టారు:
ఉద్దేశం మీ దగ్గర ఉండిపోయింది, పాదంలోకి రాలేదు. "పరుగు, పాసు, కిక్కు బరువు మోయు / పసిడిపిల్లవాని" అనండి. యతి ప-బ సరిపోతుంది, పైగా రెండో పాదం మూడోదానిలోకి జారుతుంది, ఇప్పుడు రెండు ముక్కలుగా ఉంది. బరువు మోయడం అన్నది అక్షరాలా నిజం కూడా, ఆ ఏడు టీమ్‌లో పరుగులో, పాసింగ్‌లో, స్కోరింగ్‌లో, పంటింగ్‌లో, కిక్కులు తిప్పికొట్టి తేవడంలో అన్నిట్లోనూ అతనే ముందు, డిఫెన్స్‌లో కూడా ఆడేవాడు. "అభిషేకాన / ఓడిన" దగ్గర విసంధి అని ఎవరూ గొడవ చెయ్యకండి, పాదం చివర ఆగి చదివితే నాకు అభ్యంతరం లేదు.

లఘువు:
బరువు మోశాడు సరే, పాసులు కూడా చూడాలి కదండీ. ఆ సీజన్ అతని టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి స్కోరు తెచ్చే) పాసులు 3, అవతలివాళ్ల చేతిలో పడ్డవి 13. ఇంకో సంగతి, ఓక్లహోమా వాళ్లు సౌత్ బెండ్ వచ్చి మరీ 40-0తో ఉతికి వెళ్లారు, ఆ ఏడు ఓక్లహోమాకి ఒక్క ఓటమి లేదు, ఆ జట్టులో ఉన్న టామీ మెక్‌డొనాల్డ్‌కి మొదటి స్థానం ఓట్లు హార్నంగ్ కన్నా ఎక్కువే పడ్డాయి, అయినా మొత్తం పాయింట్లు కలిపితే మూడో స్థానం. ఆ జట్టులోనే టబ్స్ అని ఇంకో మొనగాడుంటే ఓట్లు చీలాయి. దీన్ని పట్టాభిషేకం అంటారా లాటరీ అంటారా?

గోదారిగట్టు:
పద్యంలో లాటరీ అంటే యతి కుదరదు తమ్ముడూ.

కొత్తపలక:
అందరికీ నమస్తే, నేను చదవడమే గానీ రాసింది లేదు ఇక్కడ. ట్రై చేశా.

బెంచిమీద నుండె మూడేళ్లు పాపము
కోచు మారినంత కొలువుదీరె
కొత్త యేట నతడు కోరి పాసులు వేసె
ఓడినట్టివాడె యున్నతుండు

ఇది జాన్ హ్యూఆర్ట్ గురించి.

లఘువు:
గణాలన్నీ సరిపోయాయి, కొత్తవాళ్లలో అది అరుదు, వెల్‌కమ్. మొదటి పాదంలో యతి పోయింది, బెం-మూ కుదరదు.

కొత్తపలక:
ప-ఫ-బ-భ-మ ఒకే వర్గం అని చదివానండీ ఎక్కడో.

లఘువు:
వర్గం ఒకటే, యతికి మాత్రం మ ఆ నాలుగింటితో కలవదు. పు-ఫు-బు-భు లతో ము కలిసే విశేషం ఒకటుంది, అది ఉకారం ఉన్నచోటే. మీకు ఉన్నది బె. "బెంచిమీద నుండి పేరింత లేకున్న" అంటే అయిపోతుంది.

సమస్యమాస్టారు:
యతి పోతే దిద్దుకోవచ్చు అమ్మా/నాయనా (ఎవరో తెలీదు, క్షమించాలి). నాకు కనపడ్డ లోటు వేరు. మొదటి మూడు పాదాల్లో ఓటమి ఊసే లేదు. బెంచి మీద కూర్చోవడం ఓటమి కాదు కదా, నాలుగో పాదం వచ్చి ఊరికే అతుక్కుంది. సమస్య ఇచ్చేది అందుకు కాదు, ఓడినవాడు గొప్పవాడెట్లా అయ్యాడో ముందు మూడు పాదాల్లో ఒప్పించి, నాలుగోది చదివేసరికి అవును నిజమే అనిపించాలి.

హ్యూఆర్ట్ కథలో ఓటమి లేకపోలేదు, మీరు దాని పక్కనుంచే వెళ్లిపోయారు. 1963లో జట్టు 2 గెలిచి 7 ఓడింది. 1964లో ఆరా పార్సీగియన్ కోచ్‌గా వచ్చాడు, అంతవరకు యూనివర్సిటీ వాళ్లిచ్చే మోనోగ్రామ్ కూడా రాని కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టాడు, జాక్ స్నో ఒకవైపు పరిగెడుతుంటే ఇతను విసరడం, వరసగా 9 గెలిచారు. చివరి మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద, సగం ఆటకి 17-0 ముందున్నారు, 20-17తో ఓడారు, నేషనల్ టైటిల్ పోయింది. ఆ ఒక్క ఓటమి తీసుకురండి:

చివరి యాట పోయె, చింతేల? మకుటాన
ఓడినట్టివాడె యున్నతుండు

కొత్తపలక:
బాగుందండీ, కానీ మీ పద్యం అయిపోయిందిగా అది.

సమస్యమాస్టారు:
ఒక్క పాదమే నాది, తీసుకోండి, పన్ను లేదు.

కొలంబస్‌కోడలు:
నోటర్ డేమ్ గొప్పలు చూడలేక చస్తున్నా, మా ఇంట్లో ఒహాయో స్టేట్ తప్ప వేరే పేరు ఎత్తితే కాఫీ ఇవ్వరు. అయినా నియమం నియమమే కాబట్టి లియాన్ హార్ట్ మీద రాశా.

నాలుగేండ్లు హార్టు నామమందోటమి
లేదు లేదు లేదు లెక్కజూడు;
ఎవ్వ డనియె నోయి యీ వింత మాటను
"ఓడినట్టివాడె యున్నతుండు"?

ఇండీ40:
అక్కా సూపర్. లేదు లేదు లేదు దగ్గర నవ్వాగలేదు.

లఘువు:
ఎవడన్నాడు అని అడిగేసి సమస్యని కొటేషన్‌లో పెట్టడం పాత ఎత్తే, అవధానాల్లో ఇరుక్కుపోయినప్పుడు ఇదే చేస్తారు.

సమస్యమాస్టారు:
పాత ఎత్తే, కాదనను. అయితే ఆ ఎత్తుకి సరైన మనిషి దొరకాలి. హార్ట్ కాలేజీలో ఆడిన నాలుగేళ్లూ 36 గెలుపులు, 2 డ్రాలు, ఓటమి సున్నా. డ్రాలు కూడా చిన్నవాళ్ల మీద కాదు, 1946లో యాంకీ స్టేడియంలో ఆర్మీ (మిలిటరీ అకాడమీ జట్టు)తో 0-0, 1948లో యూఎస్‌సీతో 14-14. ఇంకొకటి, అతను బంతి పట్టుకుని పరిగెత్తే బ్యాక్ కాదు, ఎండ్. లైన్‌లో నిలబడేవాళ్లకి హైస్మాన్ ఇచ్చింది ఇద్దరికే, 1936లో యేల్ లారీ కెల్లీ, తర్వాత ఇతను. ఓటమే ఎరగనివాణ్ణి తెచ్చి ఓటమి గొప్పతనం మీద సాక్ష్యం అడగడం నాకు నచ్చింది. రెండో పాదంలో మూడు లేదులు పూరకం అంటే పూరకమే, కానీ నోటికి బాగున్నాయి, ఉంచుకోండి.

ఇండీ40:
ఇప్పుడు నాది. ఇది విని మీరు నమ్మరు గానీ నిజంగా జరిగింది. 1970లో జో థీస్మాన్ క్వార్టర్‌బ్యాక్. ఇంట్లోవాళ్లు పలికేది థీస్మాన్ అనే. యూనివర్సిటీ పబ్లిసిటీ ఆఫీసాయన హైస్మాన్‌తో ప్రాస కుదురుతుందని థైస్మాన్ అని పలకమన్నాడు, పలికారు, ఇప్పటికీ అదే పలుకుతున్నారు. ట్రోఫీ మాత్రం స్టాన్‌ఫర్డ్ జిమ్ ప్లంకెట్ కొట్టుకెళ్లాడు, మనవాడు రెండో స్థానం.

పేరు మార్చినారు బిరుదుకై థీస్మాన్‌కు
ప్లంకెటొచ్చి గెలిచె పాపమయ్యొ
ప్రాస కోసమింత పాటుపడ్డందుకు
ఓడినట్టివాడె యున్నతుండు

గోదారిగట్టు:
హహహ. ప్రాస కోసం పేరు మార్చుకున్నవాణ్ణి మన గ్రూపులో గౌరవ సభ్యుణ్ణి చెయ్యాలి.

లఘువు:
నియమం ప్రకారం అవార్డు కొట్టినవాడు కావాలి కదా మాస్టారూ, రెండో స్థానం ఎట్లా?

సమస్యమాస్టారు:
ప్రాస కోసం మినహాయింపు. పద్యకవులుగా ఇంత స్వార్థం ఉండొచ్చు. "పాపమయ్యొ" మాత్రం ఖాళీ నింపడానికే వచ్చింది, దాని చోట ఇంకేదైనా ఆలోచించు బాబూ.

నల్లకుంటమెట్లు:
నేను మాంటి టేయొ మీద మొదలెట్టి ఆగిపోయాను, మొదటి పాదమే నిలవట్లా. "డిఫెన్సు ఆడువాడు" అని రాశా.

లఘువు:
డిఫెన్సు అంటే లఘువు గురువు లఘువు, సూర్యగణం కాదు. అసలు ఆటవెలదిలో అది ఎక్కడ మొదలెట్టినా ఇబ్బందే. "అడ్డుకొనెడి వాని" అనండి.

నల్లకుంటమెట్లు:
థాంక్స్ అన్నా. ఇదిగో.

అడ్డుకొనెడి వాని కంతేన? టేయొకు
తక్కినవియు వచ్చె దండిగాను;
హైసుమాను మాత్ర మందలేదాతడే
ఓడినట్టివాడె యున్నతుండు

2012 సంగతి. లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్‌లో ఆడేవాడు. మాక్స్‌వెల్, బెడ్నారిక్, బట్కస్, లొంబార్డి, నగుర్స్కీ, వాల్టర్ క్యాంప్, ఇన్ని అవార్డులు ఒకే ఏడు పట్టుకొచ్చాడు, హైస్మాన్ దగ్గర టెక్సాస్ ఏ అండ్ ఎం జానీ మాంజెల్ తర్వాత రెండోవాడు. ఫ్రెష్‌మన్‌కి (కాలేజీ ఆటలో మొదటి ఏడాది వాడికి) ఆ ట్రోఫీ ఇవ్వడం అదే మొదటిసారి.

సమస్యమాస్టారు:
దండిగాను అన్న మాట టేయొ షెల్ఫుకి సరిగ్గా సరిపోయింది. మూడో పాదంలో "అందలేదు, ఆతడే" అని విరిచి నాలుగోదానికి కర్తని అందించడం బాగుంది, అయితే ఆతడే, వాడె రెండూ ఎందుకు? ఒకటి చాలు.

వానకారు:
ఆలస్యంగా వచ్చాను, అన్నీ చదివాను. గోదారిగట్టు గారి 1956కే మళ్లీ వెళ్తున్నాను, కానీ అవతలి గట్టు నుంచి.

జిమ్ము బ్రౌను పరుగు చిన్నదా? లెక్కలో
ఐదు నంబరిచ్చి రయ్యొ నాడు!
ఒంటిరంగు చూచి ఓటేయు కాలాన
ఓడినట్టివాడె యున్నతుండు

ఇండీ40:
అబ్బ.

గోదారిగట్టు:
పద్యం బాగుందండీ కాదనను, కానీ జిమ్ బ్రౌన్ సిరక్యూజ్ వాడు, నోటర్ డేమ్ ఎక్కడుంది ఇందులో? పైగా ఒంటిరంగు చూసే వేశారని అంత గట్టిగా ఎలా చెప్తాం, పైన లఘువు చెప్పినట్టు ఓట్లు నాలుగు వైపులా చీలాయి, రెండో స్థానం టెనెసీ జానీ మేజర్స్‌ది, 1066 పాయింట్లకి 994, దగ్గర పోటీ అది.

వానకారు:
హార్నంగ్ లేకుండా ఆ ఐదో నంబరే లేదు, కాబట్టి నోటర్ డేమ్ పద్యంలోనే ఉంది. ఇక రంగు సంగతి. ఆ ఏడు బ్రౌన్ పరుగు 986 గజాలు, కోల్‌గేట్ మీద ఒక్క ఆటలో 6 టచ్‌డౌన్లు, కిక్కులు కూడా తనే కొట్టి మొత్తం 43 పాయింట్లు. అతని జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఓడింది ఒక్కటే. 1935 నుంచి 1960 దాకా ఆ ట్రోఫీ ఒక్క నల్లజాతి ఆటగాడికి కూడా రాలేదు. 1961లో ఎర్నీ డేవిస్‌కి వచ్చింది, అతనూ సిరక్యూజే, వేసుకున్నది బ్రౌన్ వేసుకున్న 44 నంబరు జెర్సీయే. పాతికేళ్లలో ఒక్కడు కూడా తగినవాడు లేడంటే మీరు నమ్మండి, నేను నమ్మను.

గోదారిగట్టు:
హార్నంగ్ తప్పేముంది ఇందులో?

వానకారు:
ఏమీ లేదు. అందుకే అతని పేరెత్తి ఒక్క మాట కూడా అనలేదు పద్యంలో.

లఘువు:
ఛందస్సు మాత్రమే చూస్తా నేను. జి-చి, ఐ-అయ్యొ, ఒ-ఓ, అన్నీ సరి. నిలిపిరి, ఇచ్చిరి లాంటివాటి చివర ఇ పోయి సంధి జరిగిన చోట అచ్చుకే యతి చూడాలి, అది తెలిసి వేశారు.

సమస్యమాస్టారు:
నాకు కావలసింది ఇదే. అందరూ "ఓడినట్టివాడు" అంటే ఆట ఓడినవాడు, ట్రోఫీ ఓడినవాడు అని ఒక్కోవైపు తీసుకున్నారు, వానకారు గారు అదే సంవత్సరంలో గెలిచినవాణ్ణి వదిలేసి ఓట్లలో ఓడినవాణ్ణి తెచ్చారు, సమస్యలో ఒక్క అక్షరం కదలకుండా ఉన్నతుడు మారిపోయాడు. "అయ్యొ నాడు" కొంచెం బలహీనం, మూడో పాదం ముందు అది కనపడదు. గోదారిగట్టు గారి అభ్యంతరం కూడా న్యాయమే, ఓట్ల లెక్కలో ఒక్క కారణమే ఉండదు, కానీ పద్యం "ఓటేయు కాలాన" అంది, ఫలానావాడు అలా వేశాడని అనలేదు, ఆ మాత్రం జాగ్రత్త అందులో ఉంది. ఈ వారం మొదటి పూరణ ఇదే. రెండోది ఇండీ40 ప్రాస పద్యం, "పాపమయ్యొ" మారిస్తేనే.

బెర్టెల్లిని ఎవరూ ముట్టుకోలేదేం? 1943లో 6 ఆటలాడి మెరైన్స్‌లోకి వెళ్లిపోయాడు, మిగతావి లూజాక్ ఆడాడు, అయినా హైస్మాన్ అతనికే ఇచ్చారు, తర్వాత ఇవో జిమా యుద్ధం దాకా వెళ్లాడు. ఓపికున్నవాళ్లు అది రాయండి, గడువు ఆదివారం దాకా పెంచుతున్నా.

కొలంబస్‌కోడలు:
మాస్టారూ వచ్చే వారం మా ఒహాయో స్టేట్ వంతు రావాలి. ఆర్చీ గ్రిఫిన్ 1974, 1975 రెండుసార్లూ కొట్టాడు, ఇంతవరకు అలా ఇంకెవరూ కొట్టలేదు. మాకూ ఏడు ట్రోఫీలే, మనుషులు ఆరుగురే.

సమస్యమాస్టారు:
అయితే మీ మాటే సమస్య. ఆటవెలది, నాలుగో పాదం:

ఆరుగురికె యేడు హారములట

లఘువు:
ఆ-హా యతి చెల్లింది.

కొలంబస్‌కోడలు:
మా ఇంట్లో చెప్తా, ఈ పూట కాఫీతో పాటు పకోడీలు కూడా వస్తాయి.