చాట్స్‌వర్త్‌లో బాట విడిచి నడిచే హక్కు మనకు ఉండాలా?

పెన్నా ఒడ్డు (షెఫీల్డ్)

పోయిన ఆదివారం మా నడక బృందం పదకొండు మందిమి బాస్లో ఊళ్ళో బస్సు దిగి, డెర్వెంట్ నది వెంట చాట్స్‌వర్త్ పార్కులోంచి ఎడెన్సర్ దాకా నడిచాం. (రాసేది ఎడెన్సర్, అక్కడివాళ్ళు పలికేది ఎన్‌జర్.) చర్చి దగ్గర పులిహోర డబ్బాలు తెరిచే సమయానికి మాలో మాకే గట్టి వాదన మొదలైంది. దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

మాలో ఒకరు ఎంపీకి ఇవ్వడానికి ఉత్తరం రాసి తెచ్చారు. స్కాట్లండ్‌లో లాగా ఇంగ్లండ్‌లోనూ అడవులు, నది ఒడ్లు, పచ్చిక బయళ్ళలో బాటతో పని లేకుండా నడిచే హక్కు చట్టంగా రావాలని అందులో ఉంది. ఆరుగురం సంతకం పెట్టాం, ఐదుగురు పెట్టలేదు.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. చాట్స్‌వర్త్ డెర్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల ఎస్టేటు. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్, ఆమె భర్త విలియం కావెండిష్ కొన్నారు. భవనానికీ తోటకీ టికెట్ ఉంది. చుట్టూ ఉన్న పార్కు దాదాపు 1,000 ఎకరాలు, ఏడాది పొడుగునా ఉచితం. ఆగ్నేయం వైపు ఓల్డ్ పార్క్ అనే భాగం మాత్రం మూసి ఉంచుతారు, జింకలు పిల్లల్ని పెట్టే చోటు కాబట్టి.

ఉచితంగా తిరగనిస్తున్నారు కదా, ఇంకేం కావాలి అని మాలో ఒకరన్నారు. నాకు అక్కడే అభ్యంతరం. తిరగనివ్వడం వేరు, తిరిగే హక్కు ఉండటం వేరు. ఆరో డ్యూకు 1838 నుంచి కొన్నేళ్ళలో పాత ఎడెన్సర్ ఊరిని తీయించి, కొత్త ఊరు కట్టించాడు. పాత ఊళ్ళో ఒక్క ఇల్లు మిగిలింది. ఈ రోజుకీ రోడ్డు అవతల గోడ కట్టిన చిన్న తోటలో ఒంటరిగా నిలబడి ఉంది. నేను దాని ముందు చాలాసేపు ఆగాను. ఊరినే జరిపించగల చేతికి ఒక బాట మూసేయడం ఎంత పని? మంచి యజమాని ఉన్నన్నాళ్ళూ సరే. ఆ తర్వాతో?

మీరేమంటారు?

కోనసీమ కుర్రాడు (డెర్బీ)

అక్కా, సంతకం పెట్టని ఐదుగురిలో నేనొకణ్ణి. కారణం మా నాన్నగారు.

రెండేళ్ళ కిందట ఆయన మా దగ్గర నాలుగు నెలలు ఉన్నారు. ముప్పై ఏళ్ళు వరి పండించిన మనిషి. డెర్బీ దగ్గర ఒక గోధుమ చేలోంచి కాలిబాట వెళ్తుంది. అటు తీసుకెళ్ళాను. చేను మొదట్లో ఆగిపోయారు. "ఒరేయ్, ఎవడి చేనో ఇది, తొక్కుకుంటూ వెళ్తే ఊరుకుంటాడా?" అన్నారు. చట్టమే ఉంది నాన్నా అని చెప్పాను. చేను మధ్యనుంచి పోయే కాలిబాటను రైతు దున్నొచ్చు కానీ, దున్నిన పద్నాలుగు రోజుల్లో కనీసం ఒక మీటరు వెడల్పున మళ్ళీ తీసి పెట్టాలి. అప్పుడు కిందికి వంగి చూశారు. రెండు వైపులా గోధుమ నడుము దాకా ఉంది, మధ్యలో మాత్రం ఒక్క మొక్క లేదు, నేల గట్టిగా అణిగి ఉంది. బాట మీదకి వాలిన ఒక వెన్నును చేత్తో మెల్లగా వెనక్కి తోసి నడిచారు. చేను దాటాక "పంటలోంచి దారి వదిలాడంటే పెద్ద మనసు. ఆ దారి దిగి పక్కకి అడుగేస్తే మాత్రం తప్పు మనదే" అన్నారు.

చేల మధ్య దారిని మా ఊరివైపు పుంత అంటాం, అది అందరిదీ. గట్టు చేను గలవాడిది, కానీ నడవనిస్తాడు. చేలోకి దిగితే మాత్రం కేకేస్తాడు. నాకు అది న్యాయంగానే ఉంది. బాట అందరిదీ కావాలి, బాట పక్కనున్నది దాన్ని సాకేవాడికి ఉండనివ్వాలి.

పశువుల డాక్టర్ (డెర్బీషైర్)

ఏప్రిల్‌లో నాతో ఒక్క రోజు తిరిగితే ఈ చర్చ సగం అవసరం ఉండదని నా నమ్మకం.

ఈ ఏడాది ఒక కౌలు రైతు తెల్లారుతూనే ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి గోడ మూలన పద్నాలుగు చూడి గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నక్కి ఉన్నాయి. ఎవరిదో కుక్క తరిమింది. ఒక్కదానికి కూడా పంటి గాటు లేదు. కింద పడిన రెండు ఊపిరాడక చచ్చాయి. తర్వాత వారంలో మరో మూడింటికి కడుపు పోయింది. కుక్క గలవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, "మాది ఆడుకుంటుందంతే, కరవదు" అని వాళ్ళు నిజంగానే అనుకుంటారు. తరిమితే చాలు, గొర్రె చస్తుంది. పశువుల్ని కుక్క బెదిరిస్తే యజమానిదే నేరమని 1953 నుంచే చట్టం ఉంది. ఉండి ఏం లాభం? పట్టుకునేవాడు ఉండాలి కదా.

బాట ఒక్కటే అయితే రైతు చూడి గొర్రెల్ని ఆ బాట లేని మడికి మార్చుకుంటాడు. పచ్చిక మొత్తం అందరిదీ అంటే వాటిని ఎక్కడికి తోలాలి? ఓల్డ్ పార్క్ మూసి ఉంచడం కూడా ఇందుకే. నేనైతే దాన్ని తప్పు పట్టను. దూడలున్న ఆవులు కూడా అంతే ప్రమాదం. కుక్కతో వెళ్ళినప్పుడు ఆవులు మీదికొస్తే వెంటనే తాడు వదిలేయండి. కుక్క తప్పించుకుంటుంది, మీరూ బయటపడతారు. వాదనకు సంబంధం లేకపోయినా ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోండి.

ఆర్థర్స్ సీట్ కింద (ఎడిన్‌బర్గ్)

డాక్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ స్కాట్లండ్‌లో గొర్రెలు లేవా?

2003లో ఇక్కడ భూసంస్కరణ చట్టం వచ్చింది, 2005 నుంచి అమల్లో ఉంది. ఎవరి భూమి అయినా బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. బాధ్యతగా అన్న మాటే ఆ చట్టానికి ప్రాణం. ఇళ్ళ ఆవరణల్లోకి వెళ్ళకూడదు, పెరుగుతున్న పంటను తొక్కకూడదు, పిల్లలున్న గొర్రెల మధ్యకి కుక్కను తేకూడదు. అలా చేస్తే ఆ క్షణమే మీ హక్కు పోతుంది. మా పిల్లలకి బడిలోనే ఇవన్నీ చెబుతారు. నేను పదమూడేళ్ళుగా తిరుగుతున్నాను, గేటు దగ్గర రైతు ఎదురైతే ఇద్దరం వాన గురించి మాట్లాడుకుంటాం. హక్కు ఉందని తెలిసినప్పుడు దొంగలా నడవం, అందుకని పాడూ చేయం.

అంతా బాగుందని అనను. లోమండ్ సరస్సు ఒడ్డున గుడారాలు, చెత్త మితిమీరి, 2017 నుంచి మార్చి మొదలు సెప్టెంబరు దాకా కొన్ని చోట్ల గుడారానికి అనుమతి తప్పనిసరి చేశారు. అంటే సమస్య ఎక్కడ వస్తే అక్కడే కట్టడి పెట్టారు. దేశమంతా గేటు మూయలేదు.

ఓరుగల్లు బాటసారి (లీడ్స్)

అందరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. నాది చిన్న మాట, మ్యాపు గురించి.

ఇక్కడ ఫుట్‌పాత్ అంటే మన రోడ్డు పక్క సిమెంటు బండ కాదు, పొలాల్లోంచి పోయే కాలిబాట. 1949 చట్టం ప్రకారం ఏ బాట ప్రజలదో కౌన్సిళ్ళు మ్యాపు గీసి పెట్టాలి. మన గ్రామ నక్షాలో బండ్ల బాట గీత ఎంత గట్టిదో ఇది అంత గట్టిది. భూమి అమ్మినా, వారసులు మారినా ఆ గీత పోదు. పసుపు బాణం గుర్తు ఉంటే కాలినడక, నీలం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి దారులు దాదాపు 1,40,000 మైళ్ళు.

దీని పక్కనే అనుమతి బాట అని ఇంకోటి ఉంటుంది. యజమాని ఇష్టపడి వదిలింది, మ్యాపులో హక్కుగా ఎక్కదు. నడిచేవాడి కాలికి రెండూ ఒకటే, తేడా మూసిన రోజున తెలుస్తుంది. మాకు దగ్గరలో ఒక ఎస్టేటు ఉంది, పేరు వద్దు. తొమ్మిదేళ్ళు మా పిల్లల్ని ఆ తోపులోంచి ఏటి దాకా తీసుకెళ్ళాను. చిన్నది మొదటిసారి రాతి మెట్లెక్కి గోడ దాటింది అక్కడే. ఒక సోమవారం పోతే గేటుకు గొలుసు, కొత్త తాళం. ఫోన్ చేస్తే మర్యాదగానే చెప్పారు, అది అనుమతి మాత్రమే, తీసేసుకున్నాం అని. మాట్లాడటానికి నా దగ్గర కాగితం లేదు.

ఇరవై ఏళ్ళు ఎవరినీ అడగకుండా, ఎవరూ ఆపకుండా జనం నడిచిన బాటను ప్రజలదిగా ఎక్కించమని 1980 హైవేస్ చట్టం కింద అడగొచ్చు. అనుమతి అని బోర్డు పెడితే ఆ దారీ మూసుకుంటుంది. అందుకే ఆ బోర్డులు అన్ని కనబడతాయి. పెన్నా ఒడ్డు గారూ, ఉత్తరంలో ముందు దీన్ని అడగండి. ఏళ్ళ తరబడి నడుస్తున్న అనుమతి బాటలను మ్యాపులోకి ఎక్కించాలని. నాకు 1,000 ఎకరాలు వద్దు, తాళం పడని ఒక్క గీత చాలు.

పెన్నా ఒడ్డు (షెఫీల్డ్)

అన్నా, మీ అమ్మాయి గోడ దాటిన సంగతి చదివి నాకు మాట రాలేదు. మీ మాట ఉత్తరంలో మొదటి పేరా అవుతుంది.

కానీ గీత దగ్గరే ఆగిపోలేను. ఆ గీతలు కూడా అడిగితేనే వచ్చాయి. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందల మంది ఎక్కారు. వారమంతా మిల్లు పొగలో ఉండి, ఆదివారం గాలి పీల్చుకోవాలని. ఆ కొండ అప్పుడు డెవన్‌షైర్ డ్యూకుదే, పక్షుల వేటకు ఉంచుకున్నది. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది, ఐదుగురికి జైలు. ముందుండి నడిపించిన ఇరవై ఏళ్ళ కుర్రాడు బెన్నీ రోత్‌మన్‌కి నాలుగు నెలల శిక్ష పడింది. ఆ తర్వాతే 1949 చట్టం, 1951లో ఇక్కడే దేశంలో మొదటి నేషనల్ పార్కు, 2000లో కొండలు, బీడు భూముల మీద నడిచే హక్కు. 2002లో డెబ్బై ఏళ్ళ సభకు పదకొండో డ్యూకు స్వయంగా వచ్చి, తన తాత చేసింది తప్పని క్షమాపణ చెప్పాడు. ఆ పెద్దాయన అంటే నాకు గౌరవం. కానీ ఆ ఐదుగురు బాట మీదే ఉండిపోయి ఉంటే క్షమాపణ చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు, కిండర్ కూడా వచ్చేది కాదు.

2000 చట్టంలో వచ్చింది ఇంగ్లండ్ నేలలో దాదాపు ఎనిమిది శాతమే. అడవులు, నది ఒడ్లు చాలావరకు బయటే మిగిలాయి, పార్కులనైతే పేరు పెట్టి మినహాయించారు. బాస్లో ఊరి పైనున్న కొండ అంచు మీద గాలికి ఎదురు నిలబడి ఎటు కావాలంటే అటు తిరగగలను. కిందికి దిగి నీళ్ళ పక్కకి వస్తే యజమాని దయ. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి 68 లక్షల ఎకరాల ఉమ్మడి నేలకు కంచె వేసింది. అందులో నది ఒడ్డున పది అడుగులు తిరిగి ఇమ్మంటే పెద్ద కోరికా?

పశువుల డాక్టర్ (డెర్బీషైర్)

నది ఒడ్డు, అడవి అంటే నేనూ ఒప్పుకుంటాను. ఉత్తరంలోంచి "పచ్చిక బయళ్ళు" తీసేయండి. 2000 చట్టం కింద తెరిచిన కొండ నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కకి చిన్న తాడు తప్పనిసరి. అదే నియమం వీటికీ పెట్టాలని కలపండి. అప్పుడు పంపితే చదువుతాను.

ఆర్థర్స్ సీట్ కింద (ఎడిన్‌బర్గ్)

పచ్చిక తీసేస్తే సగం పోయినట్టే. నాకు బాధగా ఉంది. అయినా సున్నా కంటే నయం. ఇంగ్లండ్‌లోనే డార్ట్‌మూర్ అనే నేషనల్ పార్కులో గుడారం వేసుకునే హక్కు కోసం 2025 మేలో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి గెలవాల్సి వచ్చింది. ఉన్నది నిలబెట్టుకోవడానికే అంత పోరాటం.

పెన్నా ఒడ్డు (షెఫీల్డ్)

మార్చాను. "అనుమతి బాటలను మ్యాపులో ఎక్కించాలి. నది ఒడ్లు, అడవులు నడిచేవారికి తెరవాలి. పశువులు ఈనే నెలల్లో కుక్కలకు తాడు తప్పనిసరి కావాలి." పచ్చిక మాట తీసేశాను, మనసొప్పక పోయినా. డాక్టర్ గారికి పంపాను. కోనసీమ తమ్ముడూ, ఇప్పుడు పెడతావా సంతకం?

కోనసీమ కుర్రాడు (డెర్బీ)

మొదటి వాక్యానికి రెండు చేతులా పెడతాను. అడవి గురించి నాన్నగారిని అడిగాను. "చెట్లు పెంచినవాడిని అడిగారా ఎవరైనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదక్కా. ఆ వాక్యం ఉన్నంతవరకు పెట్టలేను. వచ్చే ఆదివారం రౌస్లీ నుంచి బీలీ మీదుగా నడకకి మాత్రం వస్తున్నాను, మ్యాపు నేను తెస్తాను.