6 మి.మీ. బిట్టు, అంగుళాల జిగ్గు: వేళ్లు సందుల్లోకి దిగడం లేదు

నల్గొండ_టేకు:

అన్నలకు నమస్తే. పగలు ఆఫీసు, సాయంత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో కొయ్యపని. మా అక్కవాళ్లది చండూరులో మగ్గం ఇల్లు. ఆమె నూలు కండెలు పెట్టుకోవడానికి సొరుగుల పెట్టె చేస్తున్నా. పాత దర్వాజ నుంచి తీసిన టేకు, రందా పట్టి 12 మి.మీ. మందానికి తెచ్చా. సొరుగు ఎత్తు 4 అంగుళాలు. మూలలకు బాక్స్ జాయింట్ (రెండు ముక్కల అంచులను వేళ్లలా కోసి ఒకదాని సందుల్లో ఒకటి దింపే అతుకు) అనుకున్నా.

ఇంక్రా కంపెనీ రకం పొజిషనింగ్ జిగ్గు (కోసేటప్పుడు కావలసిన కొలత దగ్గర ఆపే సాధనం) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. లోపలి పళ్ల పట్టీలో పన్నుకూ పన్నుకూ మధ్య అంగుళంలో 32వ వంతు. టెంప్లేట్లు (ఎక్కడెక్కడ ఆపాలో చూపే గీతల పట్టీలు) మాత్రం దానితో రాలేదు. అందుకే కంప్యూటర్‌లో గీసి ప్రింట్ తీశా. అర అంగుళానికొక గీత, ఒక ముక్కకు ఎర్రవి, ఎదురు ముక్కకు పావు అంగుళం జరిపి నీలివి. రూటర్‌కు (బిట్టును గిరగిరా తిప్పి గాడి కోసే మెషీన్) పెట్టిన బిట్టు 6 మి.మీ. స్ట్రెయిట్. కోతలు నీట్‌గానే వస్తున్నాయి, కానీ వేళ్లు సందుల్లోకి దిగడం లేదు. కొట్టి దింపితే టేకు చీలుతుందని భయం. నా టెంప్లేట్‌లోనే తేడా ఉందా? కాగితం బదులు ప్లాస్టిక్ షీటు మీద గీయించాలా?

పాలమూరు_ప్లైవుడ్:

ముందు ప్రింటర్ చూడండి. "పేజీకి సరిపోయేలా" అనే సెట్టింగ్ ఉంటే కొలత మొత్తం తగ్గిపోతుంది. 97 శాతానికి తగ్గిందనుకోండి, 4 అంగుళాల చివరికి వచ్చేసరికి దాదాపు నాలుగు పళ్లు తప్పుతాయి. 100 శాతంలో తీసి స్టీలు స్కేలు పెట్టి కొలవండి. ఆ కాగితానికి వెడల్పు సెల్లోటేపు అంటించండి, వానాకాలం తేమకు సాగదు.

నల్గొండ_టేకు:

కొలిచా అన్నా. 6 అంగుళాల గీత సరిగ్గా 6 అంగుళాలే ఉంది.

దేవరకొండ_రందా:

తమ్మీ, నీ టెంప్లేట్ బాగానే ఉంది. దానిమీద డబ్బు పెట్టకు.

ఈ జిగ్గులో కొలత ఎక్కడిదో ముందు చెప్తాను, ఎందుకంటే ఇది తెలియక చాలామంది టెంప్లేట్ల కోసం వెతుకుతూ పని ఆపేస్తారు. పళ్ల పట్టీలు రెండు దువ్వెనల్లా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. క్లాంపు బిగించగానే ఫెన్స్ (ముక్కను ఆనించే పట్టీ) ఆ పన్ను దగ్గర ఆగుతుంది. మళ్లీ ఎప్పుడు వచ్చినా అక్కడే ఆగుతుంది. టెంప్లేట్ చేసేదల్లా ఏ పన్ను దగ్గర ఆగాలో చూపించడం. నీ గీత అర పన్ను కంటే తక్కువ తప్పితే, అంటే 0.4 మి.మీ. లోపు ఉంటే, పన్ను దాన్ని సరిచేసేస్తుంది. చేత్తో పెన్సిల్‌తో గీసిన పట్టీ కూడా పనిచేస్తుంది. నేను ప్రింటర్ జోలికి పోను. అట్టముక్క జిగ్గులో దూర్చి, పళ్లు లెక్కపెట్టుకుంటూ ఆగిన చోటల్లా జిగ్గు మీద చోటు చూపే సన్నని వెంట్రుక గీత కింద చుక్క పెడతాను. ఆ జిగ్గుకు అంతకన్నా సరైన టెంప్లేట్ ఉండదు.

నీ అసలు చిక్కు బిట్టు. అర అంగుళం అంటే 12.7 మి.మీ. అందులో నీ బిట్టు 6 తీసేస్తే మిగిలిన వేలు 6.7. అది 6 మి.మీ. సందులో ఎట్లా పోతుంది? ఈ గీతలు పావు అంగుళం బిట్టువి, అంటే 6.35. మన దగ్గర షాపుల్లో రెండింటినీ ఒకటే అన్నట్టు ఇచ్చేస్తారు. మన మేస్త్రీలు సూత్‌లలో లెక్క కడతారు కదా, అంగుళానికి 8 సూత్‌లు. నీ జిగ్గు పన్ను పావు సూత్. 6కూ 6.35కూ తేడా అర పన్ను కూడా లేదు, అయినా ప్రతి వేలుకూ అడ్డం పడుతుంది.

రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పావు అంగుళం బిట్టు కొనుక్కో, నీ టెంప్లేట్ అట్లాగే ఉంచు. షాంక్ (బిట్టు కాడ) మాత్రం చూసుకో. 6 మి.మీ. షాంక్‌ను పావు అంగుళం కొల్లెట్‌లో (రూటర్‌లో కాడను బిగించి పట్టే భాగం) పెట్టకు, పట్టు దొరకదు, తిరిగేటప్పుడు ఊడి వస్తే ప్రమాదం. రెండోది, ఉన్న బిట్టుతోనే చేస్తానంటే గీతలు 16 పళ్లకు బదులు 15 పళ్లకు ఒకటి పెట్టు. 15 పళ్లు 11.9 మి.మీ., వేలు 5.9, సందు 6. ఆ కాస్త ఖాళీ ఫెవికాల్‌కు పోతుంది. సొరుగు ఎత్తు కూడా మార్చాలి: 4 అంగుళాలకు 128 పళ్లు, అది 15తో పోదు, చివర 8 పళ్లు మిగులుతాయి. 3 అంగుళాల 6 సూత్‌లు పెట్టు, 120 పళ్లు, సరిగ్గా సరిపోతుంది.

ముందు చెత్త ముక్క మీద ఒక సందు కోసి వెర్నియర్‌తో కొలువు. బిట్టును కాదు, సందును. రూటర్‌లో బిట్టు కాస్త ఊగినా సందు వెడల్పు అవుతుంది.

నల్గొండ_టేకు:

ఇప్పుడు అర్థమైంది అన్నా, చాలా థ్యాంక్స్. 15 పళ్లదే చేస్తా. మరి నీలి గీతలు ఎంత జరపాలి? 15లో సగం ఏడున్నర, సగం పన్ను మీద ఆగదు కదా.

గట్టుప్పల_కొయ్యపని:

దేవరకొండ అన్న చెప్పిన అట్టముక్క మాట నిజం. మా ఊళ్లో ఆసు చట్రాలు (నేతకు ముందు నూలును మేకుల మీద పోసే చట్రాలు) బాగుచేస్తుంటాను. అర్ధచంద్రంలా వచ్చే మేకులకు రంధ్రాలు వేయడానికి ప్లైవుడ్ టెంప్లేట్ ఒకటి చేసిపెట్టుకున్నాను. నూలు ఆ మేకుల మీదే పోవాలి, ఎడం తప్పితే చిటికి కట్టేటప్పుడు (డిజైన్ కోసం రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేసేటప్పుడు) డిజైన్ జరుగుతుందని నేతవాళ్లు ఊరుకోరు. పాత చట్రం మంచిదైతే దాని రంధ్రాల మీదే ప్లైవుడ్ పెట్టి గుర్తులు దించుకుంటాను. స్కేలు పెట్టి విడివిడిగా కొలిస్తే ఒక్కో రంధ్రం దగ్గర కొంచెం కొంచెం తేడా చేరుతూ పోతుంది.

దేవరకొండ_రందా:

తమ్మీ, 8 పళ్లు జరుపు. అంచు దగ్గర ఒక ముక్క 0.4 మి.మీ. పొడుచుకు వస్తుంది, జిగురు ఆరాక రందాతో తీసేయ్. అట్లా వద్దనుకుంటే, జిగ్గు వెనక సన్నగా జరిపే మర ఉంటుంది కదా, 7 పళ్ల దగ్గర ఆపి దాంతో అర పన్ను తిప్పుకో. ఎదురు ముక్కలన్నీ కోసేదాకా మరను మళ్లీ ముట్టుకోకు.

12 మి.మీ. లోతు ఒకే దెబ్బకు తీయకు. టేకు బిట్టు పదును తొందరగా తింటుంది, కాలిన మరకలు కూడా పడతాయి. 6 మి.మీ. లోతు పెట్టి మొదటి గీత నుంచి చివరి గీత దాకా అన్నీ కోసెయ్. తర్వాత లోతు పెంచి మళ్లీ మొదటి గీత దగ్గరికి రా. అదే పన్ను, అదే చోటు, వెంట్రుకంత తేడా రాదు. చేతి కొలతతో ఈ పని కాదు, ఈ జిగ్గు కొన్నందుకు ఫలితం ఇక్కడే. ఒక గీత దగ్గర ఆగినప్పుడు అన్ని సొరుగుల ముక్కలూ వరసగా కోసుకో, వెనక అడ్డచెక్క పెట్టడం మాత్రం మరవకు, లేకపోతే టేకు పెచ్చులు లేస్తుంది.