ఇంజిన్ ఫౌండేషన్లు: గట్టివా, మెత్తవా?

పటమట డీజిల్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. నాది 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, స్టీరింగు, సీటు, డ్యాష్‌బోర్డు అన్నీ వణుకుతున్నాయి. క్లచ్ వదులుతుంటే కింద ఎక్కడో టక్కుమని ఒక దెబ్బ. ఆటోనగర్‌లో చూపిస్తే ఫౌండేషన్లు, అంటే ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటులు, పోయాయి, మూడూ మార్చాలన్నారు. కంపెనీ రబ్బరువి వేయించాలా, గట్టి పాలీయురేథేన్‌వి (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) వేయించాలా అన్నది తేలడం లేదు. గట్టివి వేస్తే ఇంక మార్చే పనే ఉండదని మెకానిక్ అంటున్నారు. రోజూ వారధి మీదుగా మంగళగిరి ఆఫీసుకి వెళ్లి వస్తాను. వారానికి రెండుసార్లు అమ్మని నడుం నొప్పికి ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట పెట్రోల్:

గట్టివే వేయించండి. మా గుంటూరులో నా పెట్రోల్ బండికి మూడూ పాలీయురేథేన్ వేయించి రెండేళ్లయింది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే బండి కదులుతుంది. ముందు ఇంజిన్ వెనక్కి వాలడం, ఆ తర్వాత బండి కదలడం అనేది లేదు. ఒకటి నుంచి రెండో గేరుకి మారుస్తుంటే వచ్చే కుదుపు పోయింది. కాజ టోల్‌గేటు దాటి గట్టిగా లాగిస్తే ముందు టైర్లు గెంతేవి, అదీ పోయింది. ఇంజిన్ ఎక్కువ ఊగితే సైలెన్సర్ పైపులో ఉండే ఫ్లెక్సిబుల్ ముక్క చిరుగుతుంది, హోసులు లాక్కుపోతాయి. ఆయిల్ కారినా పాలీయురేథేన్ రబ్బరులా ఉబ్బిపోదు. వణుకంటారా, మొదటి వారం తెలుస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

కృష్ణలంక మెకానికల్:

అరండల్‌పేట అన్నా, మీ బండి గురించి మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆయనది డీజిల్ బండి, పక్క సీట్లో నడుం నొప్పితో అమ్మ. "అలవాటైపోతుంది" అన్న మాట ఆవిడకి ఎలా చెబుతాం?

లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే సిలిండర్లలో రెండు పేలుళ్లు. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లంటే 1,600 పేలుళ్లు, సెకనుకి సుమారు 27. రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌కి సొంత ఊపు ఒకటి ఉంటుంది, ఉయ్యాలని ఒక్కసారి తోసి వదిలేస్తే తన లయలో తాను ఊగినట్టు. మెత్తటి మౌంటుల మీద అది సెకనుకి 12 సార్లు అనుకోండి. పేలుళ్ల వేగం ఆ సొంత ఊపుకి 1.4 రెట్లు దాటాకే రబ్బరు వణుకుని ఆపడం మొదలుపెడుతుంది. 27 అంటే 12కి రెండింతల పైనే, కాబట్టి బాడీకి చేరేది కొంచెమే. ఇప్పుడు దానికి నాలుగింతలు గట్టి మౌంటు వేయండి. సొంత ఊపు రెట్టింపై 24కి వస్తుంది. 27కి పక్కనే. అప్పుడు ఆ మౌంటు వణుకుని ఆపకపోగా పెంచి మరీ సీటుకి పంపిస్తుంది. మూడు సిలిండర్ల బండ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అదే 800 దగ్గర వాళ్లకి సెకనుకి 20 పేలుళ్లే. ఏసీ వేస్తే ఇంజిన్ మీద లోడు పెరిగి ప్రతి దెబ్బా బలంగా పడుతుంది. బెజవాడలో మే నెలలో ఏసీ ఆపి సిగ్నల్ దగ్గర కూర్చోగలమా?

కంపెనీ మౌంటుల్లో చాలావాటి లోపల గ్లైకాల్ ద్రవం ఉంటుంది. రెండు గదులు, మధ్యలో సన్నటి దారి. బండి గుంతలో పడి ఇంజిన్ పెద్దగా ఊగబోతే ద్రవం ఆ ఇరుకు దారిలోంచి దూరాలి, దాంతో ఊపు అక్కడే చచ్చిపోతుంది. ఐడిల్‌లో వచ్చే చిన్న వణుకుకి మాత్రం అదే మౌంటు మెత్తగా ఉంటుంది. ముద్దగా పోసిన పాలీయురేథేన్‌కి ఈ తేడా తెలియదు.

నేనూ ఒకప్పుడు పాత బండికి గట్టివి వేయించుకున్నవాణ్ణే. మొదటి రోజు సంబరంగా గుంటూరు దాకా వెళ్లి వచ్చాను. నెల తిరిగేసరికి డ్యాష్‌బోర్డు లోపల క్లిప్పులు గలగలమనడం మొదలైంది. ఆగి ఉన్నప్పుడు అద్దంలో వెనక బండి నంబరు చదవలేకపోయేవాణ్ణి. ఏలూరు రోడ్డులో సిగ్నల్ పడగానే మా ఆవిడ నీళ్ల సీసా తీసి ఒళ్లో పెట్టుకునేది, కప్పు పెట్టే చోట ఉంటే అది చేసే చప్పుడు భరించలేక. చివరికి అవి తీయించి కంపెనీవి వేయించాను. అప్పుడు తెలిసింది, గేరు కుదుపు పోవడం, బండి వెంటనే అందుకోవడం, నేను గట్టిదనం వల్ల వచ్చిందనుకున్న సుఖంలో చాలా భాగం కొత్త రబ్బరుతోనూ ఉంది. నేను పోల్చింది కొత్త పాలీయురేథేన్‌ని, చచ్చిన రబ్బరుతో. గట్టివి వేయించి మెచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే అని నా నమ్మకం.

అరండల్‌పేట పెట్రోల్:

మీ లెక్కంతా ఐడిల్‌ది. బండి కొన్నది ఆగి ఉండటానికి కాదు కదండీ. ముందు చక్రాలు తిరిగే మన బండ్లలో ఇంజిన్, గేరుబాక్సు ఒకే ముద్ద. 190 న్యూటన్ మీటర్ల డీజిల్ ఇంజిన్ తిప్పుడు (టార్క్) ఒకటో గేరులో చక్రాల దగ్గరికి వచ్చేసరికి సుమారు 13 రెట్లవుతుంది, అంటే 2,400 పైమాటే. అంత తిప్పుడుకి ఎదురు తోపు మోసేది ఈ మూడు ఫౌండేషన్లే. నా బండికి అంతకుముందు వేసిన రబ్బరువి 40,000 కిలోమీటర్లకే చిరిగాయి. మళ్లీ మళ్లీ లేబర్ ఎవరిస్తారు?

ఆటోనగర్ పానా:

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇద్దరి మాటా విన్నాను. ఆ మూడూ ఒకే పని చేయవు, అందుకే మూడింటికీ ఒకే రకం వేయాలన్న పట్టింపు వద్దు. కుడిదీ ఎడమదీ ఇంజిన్ బరువు మోస్తాయి. కిందుండే టార్క్ రాడ్డు ఇంజిన్ ముందుకీ వెనక్కీ తిరగకుండా పట్టుకుంటుంది. అరండల్‌పేట అన్న చెప్పిన ఎదురు తోపులో పెద్ద వాటా దానిదే. బరువు మోసేవి మెత్తవి ఉంచి, ఆ రాడ్డు బుష్షు ఒక్కటి కాస్త గట్టిది వేస్తే కుదుపు తగ్గుతుంది. వణుకు కొంచెం పెరుగుతుంది, అది దాచను.

పటమట తమ్ముడూ, నువ్వు ముందు బోనెట్ ఎత్తించు. హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ గట్టిగా తొక్కి, ఒకటో గేరులో క్లచ్ కొంచెం వదిలి పట్టమను, తర్వాత రివర్స్‌లో. ఇంజిన్ ఎంత లేస్తుందో పక్కన నిలబడి చూడు, బండి ముందూ వెనకా మాత్రం ఎవరూ ఉండకూడదు. కుడి మౌంటు కింద టార్చి వేసి చూడు. నల్లటి తడి చారలుంటే ద్రవం కారిపోయినట్టే, అప్పుడు ఇంజిన్ కిందికి దిగి ఇనుముకి ఇనుము తగులుతుంది. చచ్చిన మెత్తది గట్టిదానికంటే ఎక్కువ వణికిస్తుంది. పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే ముందు అది ఆపించు, లేకపోతే కొత్త రబ్బరూ ఉబ్బి చిరుగుతుంది.

బిగించేటప్పుడు దగ్గరే ఉండు. జాకీ ఇంజిన్ కింద ఉండగానే బోల్టులు బిగించేస్తే రబ్బరు మెలిపడి కూర్చుంటుంది. బోల్టులు వదులుగా పెట్టి, జాకీ తీసి, ఇంజిన్‌ని చేత్తో నాలుగుసార్లు ఊపి, తన బరువుకి తాను సర్దుకున్నాక బిగించాలి. కొత్తవి వేశాక కూడా వణుకుతోందని నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి నేను చేసేది ఈ పనే.

పటమట డీజిల్:

అందరికీ కృతజ్ఞతలు. పానా అన్న చెప్పినట్టే చూశాం. రివర్స్‌లో ఇంజిన్ బెత్తెడు లేచింది, చూస్తుంటే భయమేసింది. కుడి మౌంటు కింద నల్లగా కారి ఎండిపోయింది, వేలితో గీకితే జిగురుగా ఊడింది. పైన వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ లీకు కూడా ఉంది. ప్యాకింగ్ మార్పించి, మూడూ కంపెనీ రబ్బరువే వేయించాను. ఏసీ వేసి బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే స్టీరింగు మీద చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సి వస్తోంది వణుకు కోసం. నిన్న ఫిజియోథెరపీ నుంచి వస్తూ అమ్మ మొదటిసారి వీపు వెనక దిండు అడగలేదు.

ఒక్కటి మిగిలింది. రివర్స్ వేసినప్పుడు టక్కు ఇంకా సన్నగా వినిపిస్తోంది. బిగించే టైముకి నేను ఆఫీసులో ఉన్నాను. ఆదివారం మళ్లీ తీసుకెళ్లి బోల్టులు వదులు చేయించి, ఇంజిన్ సర్దుకున్నాక బిగించమంటాను.

అరండల్‌పేట పెట్రోల్:

అప్పటికీ పోకపోతే టార్క్ రాడ్డు ఒక్కటి గట్టిది వేసి చూడండి. అమ్మగారు కూర్చున్నప్పుడు ఎలా ఉందో ఆవిడనే అడిగి ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.