పోలియో వచ్చిన కాలు సరే, బాగున్న కాలు ఎందుకు నీరసిస్తోంది?

నిజామాబాద్ అమ్మాయి:
మా బాబాయికి రెండేళ్లప్పుడు ఎడమ కాలికి పోలియో వచ్చింది. ఇప్పుడు 57. క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే పట్టీ) వేసుకునే కిరాణా కొట్టు నడుపుతున్నారు. ఏడాదిగా కుడి కాలు కూడా మెట్లెక్కితే వణుకుతోంది, సాయంత్రానికి నిలబడలేకపోతున్నారు. డాక్టరు చీటీ మీద 'లోయర్ మోటార్ న్యూరాన్' అని రాశారు. గూగుల్‌లో కొడితే ఏఎల్ఎస్ అని, అంటే కండల్ని కదిలించే నాడీకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే ప్రాణాంతక జబ్బు అని వస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. వ్యాయామం పెంచాలా, కొట్టు మానేయాలా?

కాకినాడ ఫిజియో:
ముందు ఆ గూగుల్ మూసేయండమ్మా. చీటీ మీద రాసింది జబ్బు పేరు కాదు, దెబ్బ ఎక్కడుందో ఆ చోటు పేరు.

కండకు 'కదులు' అని చెప్పే నాడీకణమే మోటార్ న్యూరాన్. ఇవి రెండంచెలు. పై అంచెవి మెదడులో ఉండి వెన్నుపాముకి కబురు దింపుతాయి. కింది అంచెవి వెన్నుపాములో ఉంటాయి, వాటి పోగు నేరుగా కండలోకి వెళ్తుంది. నడుం నుంచి పాదం దాకా వెళ్లే పోగు మీటరు పొడవు కూడా ఉండొచ్చు. కింది అంచెలో ఆల్ఫా రకం కండను లాగుతుంది, గామా రకం కండ బిగిని సరిచూస్తుంది. బీటా కూడా ఉంది కానీ, పరీక్ష రాశాక దాన్ని మళ్లీ తలుచుకున్న పాపాన పోలేదు.

మోకాలి చిప్ప కింద సుత్తితో కొడతారు చూశారా? పై అంచె దెబ్బతింటే కాలు బిగుసుకుపోయి, సుత్తి తగలగానే ఎగిరిపడుతుంది. కింది అంచె పోతే కాలు వేలాడిపోతుంది, కండ కరుగుతుంది, సుత్తికి ఉలుకూ పలుకూ ఉండదు. పోలియో వైరస్ చంపేది ఈ కింది అంచెనే. అందుకే బాబాయికి ఆ కాలు గిల్లితే తెలుస్తుంది, కదల్చమంటే కదలదు. ఏఎల్ఎస్‌లో మామూలుగా రెండంచెలూ పోతాయి.

ఇక కుడి కాలు. వైరస్ అక్కడా కొన్ని కణాలను చంపి ఉండొచ్చు. మిగిలినవి కొత్త కొమ్మలు వేసి దిక్కులేని కండపోగులను కూడా చూసుకుంటాయి. ఒక్క లైన్‌మన్ మూడు ఊళ్లు చూసినట్టు. దశాబ్దాల తర్వాత ఆ కొమ్మలు రాలడం మొదలైతే దాన్నే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. ఈఎంజీ (కండల్లో విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష), థైరాయిడ్, బీ12, నడుం ఎమ్మారై చూసి, మిగతా కారణాలు కావని తేలాకే చెప్తారు.

రామచంద్రపురం:
మా మామయ్యకి నరాల బలానికి ఇంజెక్షన్లు వేయించాం. రోజూ గుంజీళ్లు తీయించండి, కూర్చుంటే కండ పోతుంది.

కాకినాడ ఫిజియో:
గుంజీళ్లు మాత్రం వద్దండీ! బీ12 తక్కువుంటే ఇంజెక్షన్ పనిచేస్తుంది, లేకపోతే చెయ్యి నొప్పే మిగులుతుంది. అసలే భారం మోస్తున్న కణాలను అలిసేదాకా తోమకూడదు. అలాగని మంచానా పడుకోకూడదు. కొద్దికొద్దిగా, మధ్యలో ఆగుతూ చేయించండి. మర్నాడు పొద్దున కాలు ఇంకా బరువుగా ఉంటే నిన్న ఎక్కువైనట్టే. క్యాలిపర్ పాతదైతే కొత్త కొలతలు తీయించండి. మింగుడు పడకపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి. కొట్టు మానక్కర్లేదు, ఎత్తు స్టూల్ మీద కూర్చుని తూకం వేయమనండి.

నిజామాబాద్ అమ్మాయి:
థాంక్సండీ. ఈఎంజీకి నెలాఖరుకి డేట్ ఇచ్చారు. స్టూల్ అంటే మాత్రం 'గిరాకీ ముందు కూర్చుంటే ఏం బాగుంటుంది' అంటున్నారు.

కాకినాడ ఫిజియో:
గల్లాపెట్టె దగ్గర నిలబడే షావుకారు ఏ ఊళ్లో ఉన్నాడో చూపించమనండి.