కంచు మోగునట్లు కనకంబు మోగునా: ప్రచారాల వేళ ఒక పద్యం

చెన్నై పెరంబూరు నుంచి ప్రశ్న:
మా వీధిలో పొద్దున్నుంచి ప్రచార వ్యాన్ల మోతే. ఒక అభ్యర్థి మాత్రం నడుచుకుంటూ వచ్చి, దణ్ణం పెట్టి, నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్లాడు. మా నాన్నగారు వెంటనే వేమన్నని అందుకున్నారు:

అల్పుడెపుడు బల్కు నాడంబరముగాను
సజ్జనుండు బల్కు చల్లగాను
కంచు మోగునట్లు కనకంబు మోగునా
విశ్వదాభిరామ వినురవేమ

తక్కువ మాట్లాడేవాడు సజ్జనుడనే కదా దీని భావం? ఇక్కడ "చల్లగా" అంటే మెల్లగా అనుకోవచ్చా?

మైలాపూరు నుంచి జవాబు:
మంచి ప్రశ్న వేశారండీ. ముందు "ఆడంబరం" సంగతి చూద్దాం, అది తేలితే "చల్లగా" కూడా తేలుతుంది. ఇవాళ ఆడంబరమంటే మనకి పట్టుచీరలు, పందిళ్లు, కార్ల వరస గుర్తొస్తాయి. అంటే కంటికి కనబడే హంగు. సంస్కృతంలో ఆ మాటకి మోత అనే అర్థం ఉంది. అమరకోశం "ఆడంబరస్తూర్యరవే గజేంద్రాణాం చ గర్జితే" అంటుంది. వాద్యాల హోరు, ఏనుగుల ఘీంకారం అన్నమాట. ఆ అర్థంతో చదివితే మొదటి పాదానికీ మూడో పాదానికీ లంకె కుదురుతుంది. అల్పుడి మాట డప్పులా మోగుతుంది, కాబట్టే కంచు పోలిక. కంచు రాగీ తగరమూ కలిపిన లోహం, గట్టిది, కొడితే చాలాసేపు మోగుతుంది. బంగారం మెత్తన, దానికి ఆ మోత లేదు. లోహాల గుణం తెలిసి కట్టిన పద్యం ఇది.

ఇక "చల్లగా". "చల్లగా జారుకున్నాడు" అన్నప్పుడు చప్పుడు చేయకుండా అని. "చల్లగా ఉండు నాయనా", "నీ కడుపు చల్లగా" అన్నప్పుడు హాయి, క్షేమం. పద్యంలో రెండోదే ముఖ్యమని నా నమ్మకం. సజ్జనుడి మాట విన్నవాడి మనసు కుదుటపడుతుంది. గొంతు తగ్గించడం ఒక్కటే సరిపోతే మొదటి రకం చల్లగా జారుకునే వాళ్లంతా సజ్జనులైపోతారు.

ఇంకొకటి గమనించండి. రెండు పాదాల్లోనూ "బల్కు" ఉంది. మాట్లాడనివాడు ఈ పద్యంలో లేనే లేడు. బంగారం మోగదు సరే, సీసమూ మోగదు. మోగలేదు కదా అని బంగారమని ఎలా అంటాం? మీ వీధికి నడిచొచ్చిన ఆయన మంచివాడే కావచ్చు. ఆ ముక్క ఈ పద్యం తేల్చదు.

కోడంబాక్కం నుంచి:
అదే నోటితో మనం "కంచు కంఠం" అని మెచ్చుకుంటాం కదా మాస్టారూ. మైకు ముందు గొంతు పెంచకపోతే వెనకున్నవాళ్లకి వినబడేదెలా? అరిచినవాళ్లందరినీ అల్పులంటే అన్యాయం.

మైలాపూరు నుంచి:
నిజమే. కంచు కంఠం గొంతుకిచ్చే మెప్పు, మనిషికి ఇచ్చేది కాదు. పద్యం తప్పుపట్టింది మాటలోని డాబుని. గట్టిగా మాట్లాడుతూనే, అవతలి అభ్యర్థి ఇంటి ఆడవాళ్ల జోలికీ కులం జోలికీ పోకుండా ప్రసంగం ముగించేవాడు ఉంటాడు. నా లెక్కలో అతనిదే చల్లని మాట. నవ్వుతూ, మెల్లగా విషం చిమ్మేవాణ్ణి నేను నమ్మను.

సౌకార్‌పేట నుంచి:
మా ఇంట్లో తరతరాలుగా బంగారం పని. పసిడిని మోగించి చూసేవాడు ఎవడూ ఉండడండీ. నల్లటి గీటురాయి మీద రుద్ది, ఆ గీత పక్కన నాణ్యం తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, ఆమ్లం వేసి చూస్తాం. ఈ ఊళ్లో ఉంటూ వళ్లువర్ రాసిన తమిళ నీతి పద్యాలు, తిరుక్కురళ్‌ని వదిలేస్తే ఎలా? 505వ కురళ్: "పెరుమైక్కుం ఏనైచ్ చిఱుమైక్కుం తత్తం కరుమమే కట్టళైక్ కల్". గొప్పతనానికైనా అల్పత్వానికైనా ఎవరి పనులే వారికి గీటురాయి. దాని ముందుదే 504. గుణాలు వెతుకు, దోషాలు వెతుకు, ఏవి మిక్కిలి ఉన్నాయో చూసి దాన్నిబట్టి మనిషిని ఎంచు అంటుంది.

మైలాపూరు నుంచి:
ఈ రెండు కురళ్లూ వేమన పద్యం పక్కన పెట్టి చదవాల్సినవే. వేమన ఏది పరీక్ష కాదో చెప్పాడు, వళ్లువర్ ఏది పరీక్షో చెప్పాడు. 1829లో బ్రౌను వేమన పద్యాలు అచ్చువేయించిందీ ఈ ఊళ్లోనే కదా, ఈ జంట చర్చ ఇక్కడ జరగడం నాకు ఎంతో సంతోషంగా ఉంది.

కురళ్‌లోని కరుమం, అంటే చేసిన పని, ఏమిటో మనకి తెలుసు. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2023లో మిచౌంగ్ తుపానప్పుడు మోకాల్లోతు నీళ్లలో ఎవరు వచ్చారో, ఎవరు ఫోను తీయలేదో ప్రతి వీధికీ గుర్తే. ఇక కాగితం మీద దొరికే గీత ఫారం 26. నామినేషనుతో పాటు ఇచ్చే ప్రమాణపత్రం అది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, అయిదేళ్ల ఆదాయ వివరాలు అందులో రాయాలి. ఇవి తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. తప్పు రాస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కేసులున్న అభ్యర్థి ఆ సంగతి ప్రచారం రోజుల్లో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలి. అలాంటివాణ్ణి ఎందుకు ఎంచుకున్నారో పార్టీ చెప్పాలని, గెలుస్తాడనే కారణం ఒక్కటీ చాలదని 2020లో కోర్టు తేల్చింది.

అయితే కేసు కనబడగానే కొట్టేయకండి. నీళ్ల కోసం రోడ్డు మీద బైఠాయించినందుకు పెట్టిన కేసూ ఉంటుంది, మనిషిని కొట్టినందుకు పెట్టిన కేసూ ఉంటుంది. రుజువు కానిదీ, శిక్ష పడినదీ ఒకటి కావు. సెక్షను చదవాలి, అభియోగాలు నమోదయ్యాయో లేదో చూడాలి. 504 చెప్పిన "వెతుకు" ఇదే.

పెరంబూరు నుంచి:
నాన్నగారికి చదివి వినిపించాను. "సీసమూ మోగదు" దగ్గర ఒప్పుకున్నారు. ఆయనకి తమిళం మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఆ ఫారం తమిళంలో ఉంటే ఎలా?

మైలాపూరు నుంచి:
ఎన్నికల సంఘం సైటులో అభ్యర్థి పేరు మీద నొక్కితే ఫారం వస్తుంది. మీ నియోజకవర్గానివి దింపుకుని ఇక్కడ పెట్టండి. తమిళంలో ఉన్నవాటిలో కేసుల పేజీలు, అప్పుల పేజీలు నేను తెలుగులో రాసి పెడతాను. సౌకార్‌పేట వారు కూడా ఓ చెయ్యి వేస్తే ఆదివారానికల్లా అయిపోతుంది.