పని అలసటా, ఒత్తిడా? తేడా తెలుసుకునేదెలా, మేనేజర్‌తో మాట్లాడేదెలా?

వానచినుకు (ప్రశ్న):
పని ఎక్కువై అలసిపోవడానికీ, ఒత్తిడి ముదరడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఎవర్నడిగినా "కాస్త రెస్ట్ తీసుకో" అనే అంటున్నారు. ఏ లక్షణాలు చూసి గుర్తుపట్టాలి, ఆ పూటకి గట్టెక్కడానికి ఏం చేయాలి, ఫిర్యాదులా వినిపించకుండా మేనేజర్‌తో ఎలా మొదలుపెట్టాలి, ఈ మూడూ వివరంగా కావాలి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం కూడా దీని కిందికే వస్తుందా?

నిలకడ:
విశ్రాంతి తర్వాత తేరుకుంటున్నారా లేదా చూసుకోండి. రెండు రోజుల సెలవుతో ఒళ్ళు తేలికపడితే అది అలసటే. సెలవు గడిచాక కూడా అదే బరువుతో నిద్ర లేస్తూ, అది రెండు మూడు వారాలు వరసగా సాగితే ఒత్తిడని అనుమానించాలి.

మనసు ఒప్పుకోకముందే ఒళ్ళు చెప్పేస్తుంది. ఇది చదువుతూనే ఒకసారి గమనించండి: పెదాలు మూసుకుని ఉన్నా పైపళ్ళూ కిందిపళ్ళూ తాకకుండా ఉండాలి. తాకుతున్నాయంటే దవడ బిగపట్టి ఉన్నారన్నమాట. భుజాలు చెవుల వైపు లేచి ఉండటం, తల చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి, కడుపులో మంట, మాటిమాటికీ విరేచనానికి వెళ్ళాల్సి రావడం కూడా ఈ కోవలోవే. జుట్టు రాలడం మాత్రం రెండు మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. అప్పటికి అసలు కారణం మరిచిపోయి నూనెలు మారుస్తూ కూర్చుంటారు.

పనిలో కనిపించే గుర్తులు వేరు. ఒకే మెయిల్ మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు. ముఖ్యమైన పని పక్కన పెట్టి చిల్లర పనులు చక్కబెడుతుంటారు. ఇదివరకు నవ్వి వదిలేసిన మాటకే కసురుకుంటారు. తోటివాళ్ళలో గుర్తుపట్టాలంటే, ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో దానితోనే పోల్చాలి. ఎప్పుడూ మాట్లాడే మనిషి మీటింగుల్లో మౌనంగా ఉండిపోవడం పెద్ద గుర్తు.

బర్న్‌అవుట్ అన్న మాటని అన్నిటికీ వాడేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో దీన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొన్నారు. చెప్పిన లక్షణాలు మూడు: సత్తువ హరించుకుపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా చేతకావట్లేదనిపించడం.

ఒక్క జాగ్రత్త. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా అచ్చం ఇలాగే అలసట తెస్తాయి. రక్త పరీక్ష చేయించుకోకుండా అంతా ఒత్తిడి మీదికి నెట్టకండి. ఛాతీలో నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతుంటే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్ళాలి.

తీరిక:
ఆ పూటకి గట్టెక్కే సంగతి నేను చెప్తాను. ముక్కుతో 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, బలంగా రొమ్ము నిండా పీల్చేస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, "ఇది నాకు పడదు" అని మానేస్తారు. నెమ్మదిగా, మామూలు మోతాదులోనే పీల్చాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే అది లేచి దిగడం తెలుస్తుంది.

మెడ, భుజాలు పట్టేస్తే: భుజాలు పైకెత్తి 5 సెకన్లు బిగపట్టి, ఒక్కసారిగా వదిలేసి 20 సెకన్లు ఊరుకోండి. మూడుసార్లు. నొప్పి ఉన్నచోట గట్టిగా బిగించకండి.

మూడింటి మెలకువకి ఒత్తిడి కారణం కావచ్చు, కానీ ముందు కాఫీ, మద్యం సంగతి చూసుకోండి. కెఫీన్ సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగింది పదింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ, రాత్రి రెండో సగంలో నిద్రని చెడగొడుతుంది. మెలకువ వచ్చాక గడియారం చూడకండి. ఇరవై నిమిషాలైందని అనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ పడుకోండి. పొద్దున లేచే వేళ మాత్రం మార్చొద్దు.

సాయంత్రం సీటు వదిలేముందు, మిగిలిన పనులూ రేపు మొట్టమొదట చేయాల్సిందీ కాగితం మీద రాసిపెట్టండి. "రిపోర్ట్ చూడాలి" అని రాస్తే అది బుర్రలోనే తిరుగుతుంది. "రిపోర్ట్ 3వ పట్టికలో మొత్తాలు సరిచూడాలి" అని రాస్తే కాగితం మీద ఉండిపోతుంది.

ఏటిగట్టు:
పైవన్నీ ప్రథమ చికిత్స. ఒత్తిడి పుట్టే చోటు పట్టుకోకపోతే ఎన్ని శ్వాసలు లెక్కపెట్టినా మళ్ళీ మొదటికే వస్తుంది. పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కారసెక్ 1979లో చెప్పిన నమూనా ప్రకారం, పని భారం ఎక్కువై, ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ తక్కువైనచోట మనిషి ఎక్కువ నలుగుతాడు. అందుకని మొదటి ప్రశ్న "ఎంత పని?" అయితే, రెండోది "ఇందులో నా చేతిలో ఏముంది?"

రెండు వారాలు చిన్న చిట్టా రాయండి. ఒక్కో నమోదు ఇలా ఉంటే చాలు:

మంగళవారం 11.40. రిపోర్ట్ సగంలో ఉండగా కొత్త పని వచ్చింది, సాయంత్రానికే కావాలట. ఒత్తిడి 10కి 7. మెడ పట్టేసింది.

అప్పటికప్పుడు రాయాలి. రాత్రి కూర్చుని రాస్తే రోజంతా ఒకేలా చెడ్డగా కనిపిస్తుంది. రెండు వారాలయ్యాక చూస్తే తిరిగి తిరిగి వచ్చేవి రెండు మూడే ఉండొచ్చు. మేనేజర్‌తో మాట్లాడాల్సింది వాటి గురించే.

మేనేజర్‌ని ముందే అడిగి ఇరవై నిమిషాల సమయం తీసుకోండి. దారిలో ఎదురైనప్పుడు వద్దు. "చాలా స్ట్రెస్‌గా ఉందండి" అంటే "అందరికీ ఉందిగా" అన్న జవాబుతో మాట ఆగిపోతుంది. ఇలా అనండి: "ఈ వారం నా దగ్గర నాలుగు పనులున్నాయండి. అన్నీ కలిపి 52 గంటలు పడతాయి, ఉన్నవి 40. వీటిలో ఏది వచ్చే వారానికి జరపమంటారు?" అప్పుడు ఎదుటి మనిషి తేల్చాల్సింది ఒక్కటే, ఏది ముందు, ఏది వెనక అని. ఒప్పుకున్నది అదే రోజు రెండు లైన్ల మెయిల్‌గా పంపి, రెండు వారాల తర్వాత మళ్ళీ చూద్దామని అందులోనే రాయండి.

గంటల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే 55, అంతకు మించి చేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ.

వానచినుకు:
అందరికీ ధన్యవాదాలండి. "అన్నీ ముఖ్యమే, అన్నీ కావాలి" అంటే ఏం చేయాలి?

ఏటిగట్టు:
వరస మీరే వేసి పంపండి. "మొదట ఇది, తర్వాత ఇది, నాలుగోది వచ్చే బుధవారం. మార్చాలంటే రేపు ఉదయంలోగా చెప్పండి" అని. ఒత్తిడికి మూలం ఆ మేనేజర్ తిట్లూ అవమానాలే అయితే ఈ పద్ధతి పనికిరాదు. తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు అన్నవి రాసుకుని హెచ్‌ఆర్ దగ్గరికో పైఅధికారి దగ్గరికో వెళ్ళాలి.

నిలకడ:
ఒకటి చేరుస్తాను. రెండు వారాలు దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయినా, పనిని సర్దుకోవడంతో సరిపెట్టకుండా డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే దగ్గరివాళ్ళకి చెప్పి, వాళ్ళని వెంటబెట్టుకుని వైద్య సాయం తీసుకోండి. ఒంటరిగా ఉండొద్దు.