పాత లేజర్ ప్రింటర్, కొత్త విండోస్: కుస్తీ పట్టాలా, పక్కన పెట్టాలా?

మల్కాజిగిరి అల్లుడు, ఆదివారం ఉదయం

ఇంట్లో పంచాయితీ తెగక ఇక్కడికి తెచ్చాను. మా మామగారు వకీలు. డెబ్బై దాటినా అద్దె ఒప్పందాలు, నోటీసులు ఇంట్లోనే టైపు చేసుకుని ప్రింటు తీసుకుంటారు. ఆయన దగ్గరున్నది 2008లో కొన్న చిన్న లేజర్. కంపెనీ పేరు ఎందుకులెండి, మన ఊళ్లో ఏ జిరాక్స్ షాపులో అడుగుపెట్టినా దుమ్ము కొట్టుకుని కనిపించేదే, 12ఏ అనే టోనర్ (పొడి ఇంకు డబ్బా) పట్టేది. ఇన్నేళ్లలో కాగితం లాగే పికప్ రోలర్ రెండుసార్లు మార్చాం, అంతే.

పోయిన నెల పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో గడువు తీరింది కదా అని, విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ కొనిచ్చాను. ప్రింటర్ తగిలిస్తే "అన్‌స్పెసిఫైడ్ డివైస్" అంటోంది. ప్రింటర్‌తో పాటు వచ్చిన సీడీలో ఉన్నది 32 బిట్ డ్రైవర్ (ప్రింటర్‌తో విండోస్‌ను మాట్లాడించే ప్రోగ్రాము). విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కాబట్టి ఆ సీడీ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది.

నేనేమో కొత్తది కొనేద్దామంటాను. ఆయనేమో "ప్రింటర్‌కేమైంది, నిక్షేపంలా ఉంది, రోగమంతా నీ ల్యాప్‌టాప్‌ది" అంటారు. ఆయన పట్టుదల వెనక అసలు సంగతి బాండు పేపరు. వంద రూపాయల స్టాంపు పేపరు ముందు సందులో ఒక్కొక్కటే పెడితే నిటారుగా లాక్కుంటుంది, ఇంకు అలుక్కోదు. ఏం చేయమంటారు?

పార్క్‌లేన్ భాయ్

ఇందులో చర్చేముంది? కొత్తది కొనండి. చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే వైఫై ఉన్న నలుపు తెలుపు లేజర్ పన్నెండు వేలు అటూ ఇటూగా వస్తుంది. మీ ఆదివారాలకు ఖరీదు కట్టుకోండి. రెండు ఆదివారాలు డ్రైవర్ల వెంట తిరిగి, మూడో ఆదివారం ఇంకును వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ పోతే అప్పుడు ఎక్కడ ఏడుస్తారు? ముసలి గేదెకు కొత్త గంట కట్టినట్టుంటుంది.

చిక్కడపల్లి డీటీపీ

అన్నా, జర ఆగు. మా దుకాణంల గసొంటివి రెండున్నయి, దినాం నడుస్తయి. పెండ్లి కార్డులు, కరపత్రాలు మేం ఇంకా పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల, అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే కొడ్తం. పాత ఫైళ్లన్నీ అండ్లనే ఉన్నయి మరి, ఇప్పటి యూనికోడ్ అక్షరాలకు మారుద్దామంటే ఒత్తులు ఆడికాడ ఊడిపోతయి. అందుకే ఒక పాత కంప్యూటర్ డబ్బా మీద విండోస్ ఎక్స్‌పీ అట్లనే పెట్టుకున్న. ప్రింటర్ దానికే. నెట్టు వైరు పీకేసిన, వైఫై లేనే లేదు. కొత్త కంప్యూటర్ల పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌ల ఏసుకొచ్చి ఈ డబ్బాల కొడ్త. పరేషాన్ ఏం లేదు. మీ మామకు గూడ ఒక సెకండ్‌హ్యాండ్ డబ్బా పెట్టియ్యి.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్

డీటీపీ అన్నా, నీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. నెట్టు వైరు పీకేశావు సరే, ఆ పెన్‌డ్రైవ్ రోజుకు ఎంతమంది కస్టమర్ల కంప్యూటర్లు తిరిగొస్తుంది? ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తర్వాత దిక్కూ మొక్కూ లేదు. ఆ డబ్బాకు అంటుకున్నది నీ కొత్త కంప్యూటర్‌కు అదే పెన్‌డ్రైవ్ మీద వెనక్కి వస్తుంది.

అల్లుడు గారూ, మీకు ఒకటే మాట. యూట్యూబ్‌లో చూసి "డ్రైవర్ సిగ్నేచర్ ఎన్‌ఫోర్స్‌మెంట్" (డ్రైవర్ మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసే కాపలా) ఆపేసి, ఏదో సైటు నుంచి దొరికిన డ్రైవర్ ఎక్కించే పని మాత్రం వద్దు. ప్రింటింగ్ అంతా చూసే స్పూలర్ అనే సర్వీసు విండోస్‌లో సిస్టమ్ హోదాతో, అంటే ఇంటి యజమానికి కూడా లేనంత అధికారంతో నడుస్తుంది. డ్రైవర్ వెళ్లి దాని ఒళ్లో కూర్చుంటుంది. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే స్పూలర్ లొసుగుతో గగ్గోలు పుట్టింది ఆ దారినే. ఆ దెబ్బతోనే ఆ ఏడు ఆగస్టు నుంచి నెట్‌వర్క్‌లోని ప్రింట్ సర్వర్ నుంచి ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ అనుమతి ఉండాలని కట్టడి పెట్టారు. వకీలు గారి ల్యాప్‌టాప్‌లో క్లయింట్ల ఆధార్ కాపీలు, దస్తావేజులు ఉంటాయి. పన్నెండు వేలు మిగుల్చుకోవడానికి అవన్నీ పణంగా పెడతారా?

నాచారం రిపేర్లు

ఇద్దరూ రెండు కొసలు పట్టుకుని లాగుతున్నారు. ముందు ఆ ప్రింటర్ ఏ జాతిదో చూడాలి కదా.

లేజర్లు రెండు రకాలు. ఒక రకానికి సొంత భాష వచ్చు: పీసీఎల్ గానీ, పోస్ట్‌స్క్రిప్ట్ గానీ. రెండూ 1984లో పుట్టినవే, ఇప్పటికీ బతికే ఉన్నాయి. అలాంటి ప్రింటర్ ముసలిదైనా విండోస్ 11తోనే వచ్చే మామూలు క్లాస్ డ్రైవర్‌తో (ఒక్క కంపెనీకే కాక చాలా ప్రింటర్లకు పనికొచ్చేది) చాలాసార్లు నడుస్తుంది. ప్రింటర్ మీది బటన్ నొక్కిపట్టి కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే, చాలా వాటిలో ఏ భాషలు వచ్చో అందులోనే అచ్చవుతుంది.

రెండో రకం చవక రకం. వీటికి బుర్ర తక్కువ. పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా పేర్చి, ఆ కంపెనీ సొంత పద్ధతిలో పంపాలి. అల్లుడు గారు చెప్పిన ఆనవాళ్లను బట్టి వారిది ఈ కోవలోదే. వీటిలో కొన్ని మరీ విడ్డూరం: స్విచ్ వేసిన ప్రతిసారీ వాటి లోపలి ఫర్మ్‌వేర్‌ను (వాటిని నడిపించే ప్రోగ్రామును) కూడా కంప్యూటరే ఎక్కించాలి. పొద్దున్నే లేపి, పేరు గుర్తుచేసి, పళ్లు తోమించి బడికి పంపినట్టు. అందుకే వీటిని రౌటర్ యూఎస్‌బీకి తగిలించి "నెట్‌వర్క్ ప్రింటర్ అయిపోయింది" అనుకున్నవాళ్లు ఒకరోజు మురిసి, కరెంటు పోయొచ్చాక మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఈ రకానికి దారులు రెండు. ఒకటి, కంపెనీ సైటులోనే విండోస్ 7కో 8కో చేసిన 64 బిట్ డ్రైవర్ ఉందేమో వెతకడం. సంతకం ఉన్న 64 బిట్ డ్రైవర్ అయితే 11 మీద కూడా సాధారణంగా ఎక్కుతుంది. గచ్చిబౌలి గారు భయపడే సంతకం ఆపే పనే ఉండదు. రెండు, రాస్‌ప్‌బెరీ పై అనే అరచేతి కంప్యూటర్‌లో లినక్స్ వేసి, కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ప్రింటర్‌ను దానికి తగిలించడం. ఈ జాతి ప్రింటర్లకు లినక్స్‌లో ఔత్సాహికులు రాసిన ఉచిత డ్రైవర్లున్నాయి, ఫర్మ్‌వేర్ ఎక్కించడం కూడా అవే చూసుకుంటాయి. అప్పుడు ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ అది ఐపీపీ అనే నెట్‌వర్క్ ప్రింటింగ్ భాష మాట్లాడే కొత్త ప్రింటర్‌లాగే కనిపిస్తుంది.

ఒక్కటి చూసుకోండి. మీరు కొన్నది స్నాప్‌డ్రాగన్ చిప్ ల్యాప్‌టాప్ అయితే మొదటి దారి మూసుకున్నట్టే. దానికి ఆర్మ్ (ఆ చిప్ జాతి పేరు) కోసం చేసిన డ్రైవరే కావాలి, పాత ప్రింటర్లకు అది ఎవరూ చేయరు.

పార్క్‌లేన్ భాయ్

డెబ్బై ఏళ్ల వకీలు గారికి లినక్స్ డబ్బా! రాత్రి పదికి అది ఆగిపోతే ఫోన్ ఎవరికి చేస్తారు? అల్లుడికే. పైగా మైక్రోసాఫ్ట్ పాత డ్రైవర్లన్నీ ఆపేస్తోందట, అందరూ అంటున్నారు. ఈ రోజు ఎక్కినా రేపు ఊడుతుంది.

నాచారం రిపేర్లు

"అందరూ అంటున్నారు" అనేది సగమే నిజం. 2023 సెప్టెంబర్‌లో వాళ్లు ప్రకటించింది విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చే కంపెనీ డ్రైవర్ల గురించి. అక్కడ కొత్తవి పెట్టడం ఆగుతుంది, 2027 నుంచి భద్రతా సవరణలు మినహా మార్పులు తీసుకోరు. కంపెనీ సైటు నుంచి మీరు దింపుకుని ఎక్కించుకునే డ్రైవర్‌ను నిషేధించలేదు. కాకపోతే 11లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ అని ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే బయటి డ్రైవర్లన్నీ పోతాయి. అది మీరై ఆన్ చేస్తే తప్ప రాదు, దాని జోలికి పోకండి. డ్రైవర్ ఫైలు మాత్రం రెండుచోట్ల దాచుకోండి. సైటులోంచి తీసేసిన రోజున దొరకదు.

ఇదే నా బెంగ కూడా. ఇనుము చెడిపోయి నా దగ్గరికి వచ్చే ప్రింటర్ల కంటే మాట కలవక వచ్చేవే ఎక్కువ. మొన్న ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు డాట్ మ్యాట్రిక్స్ తెచ్చారు, కార్బన్ కాపీ బిల్లుల కోసం. విండోస్‌లో ఉండే "జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ" డ్రైవర్ పెట్టి పంపాను, విండోస్ 11 మీద గర్రుగర్రుమని కొడుతోంది. తెలుగు మాత్రం అలా రాదు. టెక్స్ట్ మోడ్‌లో దాని రోమ్‌లో (లోపలి చిప్‌లో) ఉన్న అక్షరాలే పడతాయి, మన అక్షరాలు అందులో లేవు.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్

సంతకం ఉన్న డ్రైవర్, అదీ కంపెనీ సైటు నుంచే అయితే నేను అడ్డు చెప్పను. కానీ సంతకం ఉన్నంత మాత్రాన అందులో లొసుగులు లేవని కాదు. 2012లో రాసిన కోడును ఇప్పుడు ఎవరూ సరిచేయరు. నేనైతే నాచారం గారి రెండో దారే పడతాను, ల్యాప్‌టాప్‌లో పాత కోడు ఉండదు కాబట్టి.

మల్కాజిగిరి అల్లుడు, మరుసటి ఆదివారం

ముందు జరిగింది చెప్తాను, తర్వాత తిట్టండి.

ల్యాప్‌టాప్ ఇంటెల్‌దే. కంపెనీ సైటులో విండోస్ 8కి చేసిన 64 బిట్ డ్రైవర్ దొరికింది, సంతకంతో సహా ఎక్కింది. ప్రింటు ఇస్తే క్యూలో పడుతుంది, కాగితం మాత్రం కదలదు. గంటన్నర కొట్టుకున్నాను. మామగారు వెనక కుర్చీలో కూర్చుని "నే చెప్పలా" అనకుండా పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు, అది ఇంకా బాధ. చివరికి ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ తెరిచి చూస్తే టిక్ ఎల్‌పీటీ1 అనే పాతకాలపు ప్రింటర్ పోర్టు మీద ఉంది. ఆ పొడుగాటి 25 పిన్నుల సాకెట్ ఈ ల్యాప్‌టాప్‌లో ఎక్కడుంది! లేని గుమ్మం ముందు ఉత్తరాలు పేర్చుకుంటూ పోయింది. యూఎస్‌బీ001కి మార్చి అప్లై కొట్టగానే క్యూలో ఉన్న పదకొండు టెస్ట్ పేజీలూ వరసగా వచ్చిపడ్డాయి.

మామగారు వెంటనే బాండు పేపరు తెచ్చారు. అద్దె ఒప్పందం. పాత కంప్యూటర్‌లో స్టాంపు బొమ్మ కింద నుంచి మొదలయ్యేలా పైన మార్జిన్ ఎప్పుడో కుదుర్చుకున్నారు, అదే వర్డ్ ఫైలు. కానీ కొత్త డ్రైవర్‌లో కాగితం ఏ4 అని ఉంది, బాండు లీగల్ సైజు. దానికి తగ్గట్టు పేజీని కుదించేసింది. "అద్దె ఒప్పంద పత్రము" అన్న మాట సరిగ్గా మూడు సింహాల మీద పడింది. రెండోసారి సైజు లీగల్ పెట్టాను, ఈసారి పైన కుదిరింది గానీ సాక్షుల సంతకాల వరస కింద తెగిపోయింది. మొత్తం రెండు వందలు. ప్రింటర్ గెలిచిందో నేను గెలిచానో తెలీదు.

పార్క్‌లేన్ భాయ్

రెండు బాండ్లు, రెండు ఆదివారాలు. నా లెక్క మారలేదు.

మల్కాజిగిరి అల్లుడు

భాయ్, కొత్త ప్రింటర్ కొన్నా ఆ రెండు బాండ్లూ పోయేవే. మార్జిన్ మళ్లీ కుదుర్చుకోవాల్సిందేగా.

చిక్కడపల్లి డీటీపీ

ఎవలన్న సీదా బాండు మీద కొడ్తరా అన్నా? ముందుగాల తెల్ల కాగితం బాండంత కత్తిరించు. దాని మీద కొట్టు. బాండు పైన పెట్టి రెండూ కలిపి ట్యూబ్‌లైట్‌కు పట్టి చూడు, అక్షరం సింహానికి తాకుతుందా లేదా కనవడ్తది. కిందికెల్లి తెగేది "స్కేల్ టు పేపర్ సైజ్" దగ్గర చూడు, అండ్ల నో స్కేలింగ్ ఉండాలె. మామకు నా దండాలు చెప్పు.